రేకుముక్క ఆటవస్తువు కాదు: పిల్లలకు చెప్పవలసింది మనమే

తుపాను వెళ్లిన మర్నాడు మన పల్లెల్లో అందరూ చేసే పని ఒకటుంది. ఎగిరిపడి పగిలిన సిమెంటు రేకుల్ని ఏరి ఓ పక్కన కుప్పేయడం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు అదే చేశాం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడూ అదే చేశాం. కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయి, జీడితోట ఎంత పోయింది, ఇల్లు ఎంత దెబ్బతింది అని లెక్క రాసుకున్నాం. పగిలిన రేకుల సంగతి మాత్రం అంతగా పట్టించుకోలేదు.

ఆ ముక్కలు ఊరు దాటి పోలేదు. పశువుల సాల వెనక, గడ్డివామి పక్కన, కళ్లానికి వెళ్లే బాటలో గోతులు పూడ్చిన చోట ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లకు అది చెత్త. పిల్లలకు ఆట సామాను. తొక్కుడుబిళ్లకు బిళ్ల కావాలంటే రేకుముక్కను తెచ్చి రాతిమీద గుండ్రంగా అరగదీస్తారు. ఏడుపెంకులాటకు ముక్కలు పేరుస్తారు. సుద్దలాగా గోడమీద గీతలు గీస్తారు. పెద్ద పిల్లలైతే భోగిమంటలో పడేసి, అది టపాసులా పేలితే నవ్వుకుంటారు. ఈ పనులన్నిటిలోనూ దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము సంగతి పిల్లలకు మనమే చెప్పాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

రేకులో ఏముంది?

మనం సిమెంటు రేకు అనేదాన్ని పట్నంలో ఆస్బెస్టాస్ రేకు అంటారు. సిమెంటులో సుమారు పదో వంతు ఆస్బెస్టాస్, అంటే రాతినార, కలిపి పోస్తారు. గోడకు వేసే మట్టిలో గడ్డి కలిపినట్టే అనుకోండి. ఆ నార పట్టు ఉండబట్టే రేకు పల్చగా ఉన్నా బరువు మోస్తుంది. ఈ ఖనిజం మన రాష్ట్రంలోనూ ఉంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్వేవారు. దేశంలో కొత్త గనులకు లీజులివ్వడం 1986లో ఆపారు. పాత లీజుల్ని పొడిగించడం 1993లో ఆపారు. తవ్వకాలకు పగ్గం వేసిన ప్రభుత్వం రేకుల తయారీని మాత్రం ఆపలేదు. నార ప్రధానంగా రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి ఓడల్లో దిగుతోంది.

రాతినార పోగు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. గాల్లో తేలితే కంటికి ఆనదు, వాసన రాదు, గొంతు మండదు. ఊపిరితో లోపలికి పోయిన పోగుల్లో కొన్ని అక్కడే ఉండిపోతాయి. శరీరం వాటిని కరిగించుకోలేదు. ఏళ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడి ఆయాసం వస్తుంది. ఊపిరితిత్తుల కేన్సరు, వాటి చుట్టూ ఉండే పొరకు కేన్సరు కూడా వస్తాయి. అన్ని రకాల రాతినారా కేన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది.

ఈ జబ్బు వెంటనే బయటపడదు. పదేళ్లు, ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు కూడా పడుతుంది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ కార్మికుల కేసులో తీర్పు ఇస్తూ, ఒక్కో కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. అరవయ్యో ఏట పీల్చినవాడికి జబ్బు బయటపడేంత ఆయుష్షు మిగలకపోవచ్చు. ఏడేళ్ల పిల్లకు ముందు జీవితమంతా ఉంది. పిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త ఎందుకంటే ఇందుకే.

పశ్చిమ ఆస్ట్రేలియాలో విట్టెనూమ్ అనే గని ఊరుండేది. గనిలో మిగిలిన నారమట్టిని రోడ్లమీద, ఇళ్ల పెరళ్లలో, పిల్లలు ఆడుకునే చోట పరిచారు. పిల్లలు ఆ గుట్టల్లో ఆడుకున్నారు. 1966లో గని మూతపడింది. ఆ పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక, తాము ఏనాడూ గనిలో దిగకపోయినా, కేన్సరు వచ్చింది. అది నీలి రకం నార, మరీ ప్రమాదకరమైనది. మన రేకుల్లో కలిపేది తెల్ల రకం, అదీ సిమెంటులో బిగిసి ఉంటుంది. రెండూ సమానమని చెప్పబోవడం లేదు. ఆటలో పీల్చిన దుమ్ము సగం జీవితం గడిచాక తిరగబడుతుందని మాత్రం ఆ ఊరు చూపించింది.

ఇంటికప్పు చూసి బెదరొద్దు

ఇది చదివి ఎవరూ రాత్రికి రాత్రి కప్పు పీకేయకండి. పగుళ్లు లేని రేకులో నార సిమెంటును అంటుకుని ఉంటుంది. దాని కింద పడుకున్నంత మాత్రాన ముప్పు లేదు. కోసినప్పుడు, కన్నం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు, వానాకాలం ముందు పైకెక్కి పాచి గీకినప్పుడు, పొడిగా చీపురుతో ఊడ్చినప్పుడు నార లేస్తుంది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నాని పైపొర రాలుతున్న రేకుతో మరింత జాగ్రత్త కావాలి. రేకును తెలియక పీకడం దాన్ని అలా ఉంచడం కన్నా చెరుపు.

మన రైతు తాటాకు పాక విడిచి రేకు వేసుకున్నాడంటే దానికి కారణం ఉంది. వేసవిలో ఒక్క నిప్పురవ్వకు వీధి వీధంతా కాలిపోయిన ఊళ్లు మనకు తెలియనివి కావు. ఏటా కమ్మ కప్పించే ఖర్చు తప్పింది. అందుకని రేకుల ఇంటివాణ్ణి తప్పుపట్టే పని లేదు.

పిల్లలకు ఎలా చెప్పాలి?

కొట్టి చెబితే చాటున ఆడతారు. చచ్చిపోతావని బెదిరిస్తే రాత్రి కప్పు చూస్తూ నిద్రపోరు. వయసును బట్టి చెప్పాలి. అయిదారేళ్ల లోపు వాళ్లకు కారణాలు అక్కర్లేదు. "రేకుముక్క ముట్టుకోకు, కనబడితే నాకు చూపించు" అంటే చాలు. బడి పిల్లలు ఎందుకని అడుగుతారు. వాళ్లకు నిజం చెప్పాలి. ఇలా చెప్పి చూడండి.

"అమ్మా, ఈ ముక్కతో ఆడితే ఏటవుద్ది?"

"ఇప్పటికిప్పుడు ఏటీ అవదు తల్లీ. దీన్లో కంటికి ఆనని సన్నటి నార ఉంది. అరగదీస్తే గాల్లోకి లేస్తాది. ఊపిరితో లోపలికెళ్తే మళ్లీ బయటికి రాదు. నువ్వు నా అంత అయ్యాక ఆయాసం చెయ్యొచ్చు. అందుకే వద్దన్నాను."

"మరి నిన్న ఆడేనే?"

"ఒకటి రెండు సార్లకి అంత భయం లేదు. రోజూ ఆడితేనే చెడ్డది. ఇకనించి ముట్టుకోకు. బిళ్లకి కుండపెంకు ఇస్తాను."

"మనింటి రేకులో?"

"అవి పగల్లేదు కదా. నార లోపలే అతుక్కుని ఉంది. వాటిని కొట్టకు, పైకెక్కకు."

ఇంతకుమించి ఉపన్యాసం అక్కర్లేదు. ముక్క లాక్కుని ఊరుకోకుండా కుండపెంకో చెక్కబిళ్లో చేతికివ్వండి. నాలుగు మాటలు గుర్తుండేలా అప్పుడప్పుడు అడుగుతుండండి: రేకును విరగ్గొట్టకు, అరగదీయకు, మంటలో వేయకు, పైకెక్కకు. నాలుగోదానికి ఇంకో కారణమూ ఉంది. బంతి కోసమో జామకాయ కోసమో ఎక్కితే రేకు ఉన్నట్టుండి విరుగుతుంది. పిల్లాడు నేరుగా కిందపడతాడు. ఇది నలభై ఏళ్ల తర్వాతి సంగతి కాదు, ఆ క్షణం సంగతి.

పదిహేనేళ్లు దాటిన కుర్రాళ్లకు మొత్తం చెప్పండి. సెలవుల్లో మేస్త్రి వెంట రేకులు కోయడానికి వెళ్లేదీ, రేపు వైజాగో హైదరాబాదో వలసపోయి పాత కట్టడాలు కూల్చేదీ వాళ్లే. పొగ అలవాటున్నవాడు రాతినార దుమ్ము కూడా పీలిస్తే ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు ఎన్నో రెట్లవుతుందని కూడా చెప్పాలి.

పెద్దలు చేయవలసినవి

మనం పొడి రేకును రంపంతో కోస్తూ, పక్కన నిలబడిన పిల్లాణ్ణి ముట్టుకోవద్దంటే వాడు నమ్మడు. రేకు పని ఉన్న రోజు పిల్లల్ని చుట్టాలింటికో బడికో పంపండి. రేకును నీళ్లతో తడిపి, వీలైనంత వరకు విరక్కుండా దించండి. కరెంటు రంపం వాడొద్దు. చేతిరంపం చాలు. ముఖానికి కట్టిన తువ్వాలు ఈ నారను ఆపదు. మందుల షాపులో దొరికే ఎన్-95 మాస్కు దానికన్నా మేలు. రాలిన పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డనూ సంచిలో కట్టేయండి. ఆ పని చేసిన బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. ఆ బట్టలు దులపకుండా నీళ్లలో ముంచి విడిగా ఉతకాలి. ఫ్యాక్టరీ కార్మికుల బట్టల దుమ్ముతో వాళ్ల ఇల్లాళ్లకూ పిల్లలకూ జబ్బు చేసిన సంగతి చాలా దేశాల్లో నమోదైంది.

ముక్కల్ని బాటలో పరవొద్దు. ట్రాక్టరు చక్రాల కింద నలిగి పొడవుతాయి. తడిపి, మందమైన పాలిథిన్ సంచిలో మూటకట్టి, పిల్లలూ పశువులూ వెళ్లని చోట ఉంచండి. పాత ట్రాక్టర్ల బ్రేకు లైనింగుల్లోనూ ఈ నార ఉంటుంది. బ్రేకు డ్రమ్ము విప్పి గాలి కొట్టే చోట పిల్లల్ని నిలబెట్టొద్దు. రేకులో నార ఉందో లేదో కంటితో చెప్పలేం. నార లేని రేకులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. తెలియనప్పుడు ఉందనే అనుకోవడం మంచిది.

భారమంతా రైతుమీదేనా?

జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదని రేకుల కంపెనీలు చెబుతాయి. ఆ జాగ్రత్త ఎవరు చూడాలి? ఊళ్లో రేకు కోసే మేస్త్రికి శిక్షణ ఇచ్చినవాడు లేడు. తుపాను గాలికి రేకు జాగ్రత్తగా విరగదు. ఆస్ట్రేలియా 2003 చివర్లో, ఐరోపా దేశాలు 2005లో, మన పక్కనున్న నేపాల్ 2015లో దీన్ని నిషేధించాయి. మన దగ్గర నిషేధం లేదు. నిషేధం వచ్చేదాకా చేయగలిగినవి కొన్నున్నాయి. తుపాను సాయంలో బియ్యం, బరకాలతో పాటు పగిలిన రేకుల్ని ఊరి నుంచి తీసుకెళ్లి భద్రంగా పూడ్చే పని కూడా చేర్చాలి. పెద్ద రైతు లారీ పెట్టి దూరంగా పంపుకోగలడేమో, అరెకరం వాడు పంపలేడు. బడులకూ అంగన్వాడీలకూ ఉన్న పాత రేకుకప్పుల్ని ముందుగా మార్చాలి. గ్రామసభలో ఈ మాట లేవనెత్తడానికి ఖర్చు లేదు. వచ్చే సభలో అడగండి.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేల్చలేకపోయారు. కారణం తెలియక, దేన్ని తప్పించుకోవాలో తెలియక ఆ పల్లెలు పడుతున్న బాధ మనం చూస్తూనే ఉన్నాం. రాతినార విషయంలో కారణం తెలుసు, తప్పించుకునే దారీ తెలుసు. ఈ వారం ఓ పూట పిల్లల్ని వెంటబెట్టుకుని పెరడంతా తిరగండి. ముక్క ఎక్కడుందో వాళ్లను వేలితో చూపించమనండి. తీసే పని మాత్రం మీరు చేయండి, తడిపి తీయండి.