సగటు చెప్పేది సగం నిజమే

2027 జనగణనలో కులాల లెక్క కూడా ఉంటుందని కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వెలువడగానే ‘మా సగటు ఆదాయం ఇంతే, వారిది అంత’ అన్న వాదాలు చట్టసభల్లో మారుమోగక తప్పదు. జనగణన తలలను లెక్కిస్తుంది; ఆదాయాల సగటు మాత్రం ప్రధానంగా నమూనా సర్వేల నుంచే రావాలి. నమూనాలోని తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్నది తేలకుండా విధానాలు రూపొందించడం ఇసుక మీద మేడ కట్టడమే.

ఈ జాగ్రత్తను దేశానికి నేర్పిన నగరం కోల్‌కతా. హెర్బర్ట్ రిస్లే ముక్కు కొలతల సగటుకూ కులాల సామాజిక అంతస్తుకూ ముడిపెట్టాడు. ఆ గణాంకాలను 1933లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ పునఃపరిశీలించారు. 1936 నాటి ‘మహలనోబిస్ దూరం’ సగటుల మధ్య ఎడాన్ని మాత్రమే చూసి ఊరుకోదు. వర్గాల లోపలి వైవిధ్యాన్నీ, కొలతల పరస్పర సంబంధాన్నీ కలిపి తూచుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి 1941లో కోల్‌కతా చేరిన సి.ఆర్.రావు ఆ పద్ధతిని మరింత ముందుకు తీసుకెళ్లారు.

ప్రశ్నను బట్టే పరీక్ష. రెండు వేర్వేరు వర్గాల సగటులకు టి-పరీక్ష. వాటి విస్తృతులు సమానం కాకపోతే వెల్చ్ పద్ధతి. అవే కుటుంబాలను పథకానికి ముందు, తరవాత కొలిస్తే జంటల టి-పరీక్ష. ఐదు వర్గాలుంటే రెండేసి చొప్పున పది పోలికలు వస్తాయి. ఒక్కో పోలికలో 5 శాతం పొరపాటుకు తావిస్తే, అవి పరస్పర స్వతంత్రమైనప్పుడు, లేని తేడా ఎక్కడో ఒకచోట కనిపించే అవకాశం సుమారు 40 శాతం. అందుకే అన్ని వర్గాలనూ ఒకేసారి పరీక్షించే ‘అనోవా’ ముందు రావాలి. కొద్దిమంది కోటీశ్వరులు సగటును పైకి లాగే చోట మధ్యగతాన్ని కూడా చూడాలి. ఒకే ఊరి కుటుంబాలు తరచూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ సంగతి విస్మరించిన పరీక్ష లేని ధీమాను కలిగిస్తుంది.

కోరిన జవాబు వచ్చేదాకా పరీక్షలు మార్చడం పాలకులకైనా, ప్రతిపక్షానికైనా సాధ్యమే. 2017-18 వినియోగ వ్యయ సర్వేను విడుదల చేయబోమని 2019లో ప్రకటించిన ప్రభుత్వం ఆ పరీక్షకే అవకాశం లేకుండా చేసింది. రేపటి కులాల లెక్కలకు ఆ గతి పట్టకూడదు. ఏ పరీక్ష వాడతారో సమాచారం చేతికి రాకముందే ప్రకటించాలి. సగటుతోపాటు నమూనా పరిమాణం, విస్తృతి, మూల సమాచారం ప్రజల ముందుంచాలి. వాటాల పంపకానికి ఆధారమయ్యే అంకెను సరిచూసుకునే హక్కు ఆ వాటాదారులకే లేకపోతే, అది సామాజిక న్యాయం అనిపించుకోదు.