తెల్ల అట్ట వెనుక

ఉక్కు ఎట్లా పుడుతుందో సుపేలా వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1959లో భిలాయి కర్మాగారంలో మొదటి కొలిమి రగిలిన నాటి నుండి దల్లీ-రాజ్‌హరా గనుల ఎర్రరాయి రైలు పట్టాలుగా మారి దేశమంతటా పరచుకొన్నది. పట్టాలను అందరూ చూస్తారు. ఆ రాతిని చూచినవారు కొందరే. పాటల సంగతీ అంతే. పూర్తి అయిన పాట శ్రోతకు చేరుతుంది. దాని తొలి రూపం ఏదో టేపులో మిగిలిపోతుంది.

అటువంటి టేపులు కొన్ని 2018 నవంబరులో వెలుగు చూచాయి. బ్రిటిష్ గాయక బృందం బీటిల్స్ 1968 నవంబరులో వెలువరించిన జంట రికార్డును, 50 ఏళ్లు నిండిన సందర్భంగా, విస్తరించి మళ్ళీ విడుదల చేశారు. బొమ్మ లేని తెల్ల అట్ట వల్ల 'వైట్ ఆల్బమ్'గా పేరుపడిన ఆ రికార్డులో 30 పాటలున్నాయి.

వాటిలో అనేకం మన గంగ ఒడ్డున పుట్టినవే. 1968 ఫిబ్రవరిలో ఆ నలుగురూ ధ్యానం నేర్చుకొనడానికి రుషీకేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. ఆహారం సరిపడక రింగో స్టార్ పది రోజులకే వెళ్ళిపోయాడు. జాన్ లెనన్, జార్జ్ హారిసన్ ఏప్రిల్ వరకు ఉన్నారు. మే నెలలో లండన్ సమీపాన ఈషర్‌లో, హారిసన్ ఇంట, 27 పాటలను మామూలు గిటార్లతో టేపుకెక్కించారు.

ఆపైన స్టూడియోలో కలతలు రేగాయి. ఆగస్టులో రింగో అలిగి వెళ్ళిపోతే పాల్ మెకార్ట్నీ డ్రమ్ములు వాయించవలసి వచ్చింది. రింగో తిరిగి వచ్చేసరికి ఆయన డ్రమ్ములు పూలతో అలంకరించి ఉన్నాయి. 1970లో బృందం విడిపోయింది. అందుచేత ఈ ఆల్బమ్‌ను ఆ వియోగానికి నాందిగా చెప్పుకోవడం పరిపాటి అయింది.

ఈషర్ టేపులు మరొక కథ చెబుతాయి. వాటిలో చప్పట్లున్నాయి, పరిహాసాలున్నాయి, ఒకరి పాటకు మరొకరి గొంతు తోడున్నది. పునర్విడుదలను తీర్చిదిద్దిన జైల్స్ మార్టిన్ కూడా, స్టూడియో టేపులలో పోట్లాట కంటే సహకారమే ఎక్కువగా వినిపించిందన్నాడు. కలహం నిజమే, కాని అది సగం నిజం.

27 పాటలలో 19 మాత్రమే ఆల్బమ్‌లో చోటు పొందాయి. తక్కినవీ వృథా పోలేదు. రుషీకేశ్‌ను తలచిన 'చైల్డ్ ఆఫ్ నేచర్' బాణీ, 1971లో లెనన్ 'జెలస్ గై'గా కొత్త మాటలు తొడుక్కున్నది. స్టూడియోలో వందకు పైగా పర్యాయాలు ప్రయత్నించి విడిచిన 'నాట్ గిల్టీ'ని హారిసన్ 1979లో తన సొంత ఆల్బమ్‌లో చేర్చుకొన్నాడు.

పాత రికార్డులకు మిగులు ముక్కలు అతికించి అమ్మడం సంగీత వ్యాపారంలో మామూలే. వాటిలో అధికభాగం ఒకసారి విని పక్కన పెట్టదగినవి. ఈ టేపులు అట్లా కాదు. తెల్ల అట్ట 50 ఏళ్లు కొలిమి వేడిని మాత్రమే గుర్తుచేసింది. గని వద్ద నలుగురూ కలిసి రాయి తవ్విన సంగతి ఇవి చెప్పాయి.