‘ఆచార్య’ శబ్దము – పట్టమా? పదవియా?

ఢిల్లీలో అశోకా రోడ్డునందలి ఆంధ్ర భవనపు సభామందిరము డాక్టర్ అంబేద్కరు పేరిట నున్నది. ఆ పేరునకు ముందున్న డాక్టరు శబ్దము మర్యాదకై చేర్చినది కాదు. సిద్ధాంతవ్యాసములకు లండను విశ్వవిద్యాలయము 1923లోను, కొలంబియా విశ్వవిద్యాలయము 1927లోను ఒసగిన పట్టము. లాటినున ఆ శబ్దమునకు బోధించువాడని యర్థము. అయినను 19వ శతాబ్దిలో జర్మను విశ్వవిద్యాలయముల పద్ధతి వ్యాపించినది మొదలు అది పరిశోధనకు గుర్తయినది, బోధనకు గాదు.

తెలుగు సభల ఆహ్వానపత్రములలో ‘ఆచార్య’, ‘డాక్టర్’, ‘ప్రొఫెసర్’ అనునవి పర్యాయపదములవలె వాడబడుచున్నవి. ఒక్కొక్కచో మూడును ఒకే పేరునకు ముందు వరుసగా నిలుచుటయు గలదు. డాక్టరు పట్టము, ప్రొఫెసరు పదవి. ఆచార్య శబ్దము దేనికి చెల్లును?

యాస్కుడు నిరుక్తమున మూడు వ్యుత్పత్తులు చూపెను: ఆచారమును గ్రహింపజేయువాడు, అర్థములను కూర్చువాడు, బుద్ధిని పెంపొందించువాడు. మనుస్మృతి ఉపనయనము చేసి వేదము చెప్పువానిని ఆచార్యుడనియు, వేదములో కొంతభాగమునో వేదాంగములనో జీవనార్థము చెప్పువానిని ఉపాధ్యాయుడనియు వేరుపరచినది. ఆ లెక్కను, జీతము గొను నేటి ఆచార్యులెల్లరును ఉపాధ్యాయులే! కావున స్మృతిని చూపి ఈ బిరుదమును సమర్థింపబూనుట సాహసము.

ప్రమాణము వేరొకచోట, మన వాడుకలోనే యున్నది. ఉపాధ్యాయ శబ్దము ప్రాకృతము మీదుగా వచ్చి తెలుగున ‘ఒజ్జ’ యైనది. కన్నడమున అదియే ‘ఓజ’. బేలూరు శిల్పి దాసోజుని పేరున నున్నది. తెలంగాణమున దాసోజు, కట్టోజు మున్నగు ఇంటిపేళ్లు వినబడుచునే యున్నవి. ఆచార్య శబ్దము ‘ఆచారి’ యై వడ్రంగుల, కమ్మరుల, కంసాలుల పేళ్ల చివర నిలిచినది. శబ్దమొకటియే, విశ్వవిద్యాలయమున బిరుదము, కొలిమికడ కులసూచకము! పనిని చేతికి పట్టుబడునట్లు నేర్పినవాని పేరది యని మరచుట చదువరుల యహంకారమే.

నేర్పుటయే అర్థమగుచో ఆచార్య శబ్దము పదవికే తగును. సహాచార్య, సహాయాచార్య పదములు దానినుండియే సుకరముగ నేర్పడును. పట్టమునకు డాక్టరు చాలును. ఆచార్య యనిన పిదప ప్రొఫెసరనుట పునరుక్తి. మహిళలకు క్రొత్త రూపము కల్పింప నక్కరలేదు. పాణినీయులు ఆచార్యుని భార్యను ‘ఆచార్యానీ’ యనియు, స్వయముగ బోధించు స్త్రీని ‘ఆచార్యా’ యనియు ఏనాడో వేరుచేసిరి. తెలుగున అది ఆచార్యయే యగును.