తేదీ లేని వైద్య సలహా

అయ్యా,

పత్రికల ఆరోగ్య శీర్షికల్లోను, సెల్‌ఫోన్లలో చేతులు మారే సందేశాల్లోను "అమెరికా వైద్యులు తేల్చారు", "వెబ్‌సైటులో ఉన్నది" అనే మాటలు తరచు కనిపిస్తున్నవి. ఆ వైద్యులెవరో, ఆ మాట ఏ తేదీన వ్రాసినదో చెప్పేవారు లేరు.

మా వీధిలో అరవై దాటిన పెద్దమనిషి ఒకరు, రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే గుండెపోటు రాదని ఇటువంటి సందేశం చదివి, వైద్యుని అడగకుండానే మొదలుపెట్టారు. కడుపులో రక్తస్రావమై ఆసుపత్రి పాలైనారు.

ఆ సందేశం పూర్తిగా అబద్ధం కాదు, పాతబడిన మాట. అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల సంఘం 2016లో, 50-59 ఏళ్లవారిలో గుండెజబ్బు ప్రమాదం ఎక్కువగాను, రక్తస్రావ ప్రమాదం తక్కువగాను ఉన్నవారికి చిన్న మోతాదు ఆస్పిరిన్ సిఫారసు చేసింది. 2022 ఏప్రిల్‌లో అదే సంఘం, 60 ఏళ్లు నిండినవారు గుండెజబ్బు రాకుండా ఉండేందుకని దానిని కొత్తగా మొదలుపెట్టరాదన్నది. (వైద్యుని సలహాపై ఇదివరకే వాడుతున్నవారు నా జాబు చూసి మానవద్దని మనవి.) సందేశంపై తేదీ ఉంటే, ఇది పాతమాటేమోనని ఒకరైనా అనుమానించి ఉండేవారు.

వైద్య పత్రికలవారు ఈ విషయంలో జాగ్రత్తపరులు. 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో కొందరు వైద్య పత్రికా సంపాదకులు సమావేశమైనందున, ఆధారాలు చూపే వారి పద్ధతికి ఆ ఊరి పేరే వచ్చింది. నేడు ఆ పద్ధతిలో వెబ్ పుటను పేర్కొంటే వ్రాసినవారి పేరు లేక సంస్థ పేరు, పుట పేరు, ప్రచురించిన తేదీ, సవరించిన తేదీ, మనం చూసిన తేదీ, చిరునామా ఇస్తారు.

చూసిన తేదీ ఎందుకంటారా? మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేగారితో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే విధానంపై 1925లో వ్రాసిన వ్యాసం, జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375వ పుట నుండి ఉన్నది. నూరేళ్లు గడిచినా అది అక్కడే ఉన్నది. వెబ్ పుట అట్లా కాదు. ఉదయం చూసినది సాయంత్రానికి మారవచ్చు, మాయం కావచ్చు.

నా గుమాస్తా ఉద్యోగంలో సూచిక, తేదీ లేని కాగితం పైకి పోతే అధికారి తిప్పి పంపేవారు. ఒక సెలవు చీటీకి ఉన్న జాగ్రత్త ప్రాణాలతో పనిగల మాటకు ఉండవద్దా?

చోటు చాలదనవచ్చు. ఒక్క వరుస చాలు: ఫలానా సంస్థ, ఫలానా పుట, సవరించినది ఎప్పుడు, మేము చూసినది ఎప్పుడు. తేదీ ఉన్నంత మాత్రాన ప్రతి మాటా నిజం కాదు గాని, దానిని వైద్యుని ముందు పెట్టి అడిగే వీలు కలుగుతుంది. చెన్నపట్నంలో తరతరాలుగా ఉంటున్న మా ఇళ్లల్లో, తెలుగు చదవగల పెద్దలు పత్రికలో పడిన మాటను వేదవాక్కుగా ఎంచుతారు. కనుక ఈ ఆచారాన్ని మొదట తమ పత్రికే ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డు గుమాస్తా,
వాషర్‌మెన్‌పేట్, చెన్నై