ముగ్గుమీద నూనె మరక

మా వాకిట్లో ముగ్గుమీద నల్లటి నూనె మరక పడుతోందని మా ఆవిడ రెండు నెలలుగా చెబుతూనే వుంది. పాత కారన్నాక ఓ చుక్క కారదా అని నేనూ రెండు నెలలుగా నవ్వేస్తూనే వున్నాను. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. ఏళ్ల తరబడి పిల్లలకు "కాస్త శ్రద్ధగా వినండర్రా" అని పాఠం చెబుతున్నవాణ్ణి. ఆ వినడమే నాకు రాదని తేల్చడానికి మా పెనుకొండలో ఓ ముసలి మేస్త్రీ కావలసివచ్చాడు.

కారు మా నాన్నగారు వాడిన అంబాసిడరు. 2014లో తయారీ ఆగిపోయిన బండి. మా వూరి పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియావారి కార్లు తయారవుతున్నాయి. అక్కడి సెల్టోస్ వంటి బండ్లలో సంసారభారమంతా ముందుచక్రాలదే. వెనకచక్రాలు వెంట నడుస్తాయంతే. మా అంబాసిడరులో అలా కాదు. ఇంజను బలం ఓ పొడుగాటి కడ్డీగుండా వెనక్కు వెళ్లి, క్రౌను, పినియను అనే పళ్లచక్రాల జత దగ్గర మలుపు తిరిగి, రెండు ఇరుసుకడ్డీలమీదుగా చక్రాలకు చేరుతుంది. లారీలది ఇప్పటికీ ఇదే పద్ధతి. అంచేత వీటికి ముసలితనం వచ్చేది ముఖ్యంగా వెనక ఇరుసులోనే.

మొదట వెనకనుంచి తుమ్మెద పాడినట్టు ఓ సన్నటి రొద వినబడింది. పొరుగూళ్లో ఓ వర్క్‌షాపులో చూపించాను. చక్రమైనా విప్పకుండానే, "క్రౌను పినియను పోయింది, మొత్తం మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం విని, జీతం వచ్చాక చూద్దామని ఇంటికి వచ్చేశాను. రొద అలవాటైపోయింది. అలవాటైన శబ్దం వినబడదు గదా!

ఓ ఉదయం మా అమ్మాయిని పరీక్షకు హిందూపురం తీసుకువెళుతున్నాను. సోమందేపల్లి దాటాక గొర్రెలమంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు తిన్నగా ఆగక కుడివైపుకు లాగింది. ఎదురుగా లారీ. దాని డ్రైవరు మెలకువగలవాడు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. అమ్మాయి ఏమీ అనలేదు. హాల్‌టికెట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం చాలాసేపు వణికింది.

మర్నాడు ఉదయమే మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన పానా ముట్టుకోలేదు. వెనకసీట్లో కూర్చుని, "రొద్దం రోడ్డుకు పోనీండి సార్" అన్నాడు. జనసంచారం లేనిచోట కాస్త వేగం అందుకున్నాక, "యాక్సిలేటరుమీద కాలు తీయండి" అన్నాడు. తీశాను.

"సద్దు మారిందా?"

"లేదు."

"పినియనైతే కాలు తీస్తానే గొంతు మారుస్తాది సార్. ఇది మార్చల్యా. ఇప్పుడు మెల్లగా కుడికి తిప్పండి."

తిప్పాను. రొద హెచ్చింది. ఎడమకు తిప్పితే తగ్గింది. కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమచక్రంమీద పడుతుంది. ఆ బరువుకు మూలిగేది ఎడమపక్క బేరింగే.

షెడ్డుకు వచ్చి, చక్రాన్ని జాకీమీద లేపి, పైన ఓ చెయ్యి, కింద ఓ చెయ్యి వేసి ఊపాడు. చక్రం చిన్నపిల్లల పాలపన్నులా కదిలింది. డ్రమ్ము విప్పితే లోపల బ్రేకు షూ గేరు ఆయిల్లో మునిగివుంది. ఎడమవైపు బ్రేకు పట్టక, కుడివైపు పట్టబట్టే కారు అటు లాగిందన్నమాట. బేరింగు అరిగి చక్రం ఊగుతుంటే ఆయిల్ సీలు పెదవి ఓ పక్కనే ఒరుసుకుని చిరిగింది.

"ఇంట్లో అమ్మగారు చెప్పలేదా సార్? కింద నూనె పడుంటాది గదా?"

జవాబు చెప్పకుండా నేల చూశాను.

తరువాత హౌసింగులోని నూనె దింపాడు. సగానికి సగం లేదు. ఉన్నదాన్ని వేళ్లమధ్య రాసి, వెలుగులో చూశాడు. "మెరిసే రజను లేదు. పండ్లు బాగుండాయి. ఇంకో నెల తిప్పింటే వాళ్లు చెప్పిందే నిజమయ్యేది" అన్నాడు. సీలు ఆనుకునేచోట గోటితో గీరి చూశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. అక్కడ గాడి పడివుంటే కొత్త సీలు వేసినా నిలవదట.

ఆఖరున హౌసింగుమీద మట్టి గీకి, చిన్న మరవంటిది చూపించాడు. దాన్ని బ్రీదరంటారు. బండి నడిచి ఇరుసు వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది; అది పోవడానికి దారి. అది మట్టితో పూడుకుపోతే, ఆవిరిదారి మూసుకున్న కుక్కరులాగ, లోపలి గాలి నూనెను సీలుగుండా బయటికి తోస్తుంది. బ్రీదరు శుభ్రంచేయకుండా సీళ్లెన్ని మార్చినా దండుగే.

బేరింగు, సీలు మార్చాడు. బ్రేకు షూలు రెండువైపులా కొత్తవి వేశాడు; ఒకవైపే మారిస్తే కారు మళ్లీ ఓ పక్కకు లాగుతుందట. బండిని సమతలంమీద నిలిపి, నూనె పోసే రంధ్రం అంచుదాకా మాత్రమే పోశాడు. ఇంకాస్త పొయ్యమన్నాను. "ఎక్కువైతే అదీ సీలునే తోస్తాది సార్" అన్నాడు. మొత్తం ఖర్చు వర్క్‌షాపువారు చెప్పినదానిలో చిన్న భాగం.

పాత జీపో కారో ఉన్నవారికి నా మనవి ఇది. కాలు తీస్తే మారే రొద పళ్లచక్రాలది కావచ్చు. మలుపులో మారేది బేరింగుది కావచ్చు. బయలుదేరేటప్పుడు "టక్కు"మంటే క్రాసు జాయింటు చూపించండి. వెనకచక్రం లోపలివైపు నూనెచారిక కనిపిస్తే మాత్రం ఆ పూటే బండి ఆపేయండి. అది నూనె సంగతి కాదు, బ్రేకు సంగతి.

మర్నాడు తెల్లవారుజామున మా ఆవిడ ముగ్గువేసి, వంగి కారుకిందికి చూసింది. నేనూ పక్కన కూర్చుని చూశాను. నేల పొడిగా వుంది. "చూశావా, బాగుచేయించాను" అన్నాను. "రెండు నెలలకు విన్నారు, సంతోషం" అని లోపలికి వెళ్లిపోయింది.