రిమోటు తాళంచెవి అరిగితే పారెయ్యాలా?

కారు తాళంచెవి ఈనాడు ఒట్టి ఇనుపముక్క కాదు. నల్లని ప్లాస్టిక్ పెట్టె, దాని మీద రెండు మూడు రబ్బరు బొత్తాలు, పక్కన మడతపడే ఉక్కు పలక. ఇలాంటిది మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చూసే ఉంటారు. కొన్నేళ్ళు వాడేసరికి బొత్తాం మీది రబ్బరు చిరుగుతుంది, మడత దగ్గర పెట్టె పగులుతుంది. నొక్కితే ఒకసారి తలుపు తెరుచుకుంటుంది, మూడుసార్లు తెరుచుకోదు. బాగుచెయ్యమని తీసుకుపోతే చాలాచోట్ల వినిపించే జవాబు ఒక్కటే: "మొత్తం మార్చాలి." ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. ఉప్పల్‌లో కిరాయి కారు నడుపుకొనే మనిషికి అది కొన్ని రోజుల సంపాదన. ఆ జవాబు చాలాసార్లు సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పెట్టెను విప్పి చూడాలి.

లోపల నిజానికి మూడు తాళంచెవులున్నాయి. ఒకటి గాట్లు కోసిన ఉక్కు పలక. రెండోది తలుపులు తెరిచే చిన్న రేడియో ప్రసారిణి. మూడోది ఇంజను కదలడానికి అనుమతి ఇచ్చే చిప్పు. ఈ మూడూ వేరువేరు పనులు చేస్తాయి, వేరువేరుగానే పాడవుతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ముందు రేడియో సంగతి చూద్దాం. మన దేశంలో చాలా కార్ల రిమోట్లు 434 మెగాహెర్ట్జుల దరిదాపు పౌనఃపున్యంతో తరంగాలను పంపుతాయి. కాంతి వేగాన్ని ఈ సంఖ్యతో భాగించి చూడండి, తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు వస్తుంది. టి.వి. రిమోటు పంపేది పరారుణ కాంతి కనుక మధ్యలో మనిషి నిలబడితే పనిచెయ్యదు. రేడియో తరంగానికి ఆ ఇబ్బంది లేదు, జేబులోంచి కూడా పోతుంది.

మరి దారిన పోయే దొంగ ఆ తరంగాన్ని పట్టి దాచుకొని, రాత్రి మళ్ళీ పంపితే? మంచి ప్రశ్న. ఇద్దరు మిత్రుల దగ్గర ఒకే రహస్య పుస్తకం రెండు ప్రతులున్నాయనుకోండి. కలిసిన ప్రతిసారీ ఒకడు తర్వాతి పేజీలోని అంకె చెప్పాలి, రెండోవాడు తన ప్రతిలో సరిచూసుకోవాలి. ఒకసారి చెప్పిన పేజీ మళ్ళీ చెల్లదు. తాళంచెవీ కారూ చేసేది ఇదే. దాచుకున్న పాత అంకెతో దొంగకు పని జరగదు. అయితే మీ తమ్ముడు ఇంట్లో కూర్చుని ఊరికే బొత్తాం నొక్కుతున్నాడనుకోండి. తాళంచెవి పేజీలు తిప్పేస్తూ ఉంటుంది, కారుకు ఆ సంగతి తెలియదు. కొద్ది పేజీల తేడా అయితే కారు సర్దుకుంటుంది. మరీ దూరం పోతే రెంటికీ మళ్ళీ జత కలపాలి. రిమోటు "చచ్చిపోయింది" అనుకునే సందర్భాల్లో ఇదీ ఒకటి!

మూడోదైన చిప్పు బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. దీనికి బ్యాటరీయే అక్కర్లేదు. తాళంచెవి దూర్చే చోట చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో మారే విద్యుత్తు ప్రవహిస్తే చిప్పులోని సన్నని తీగచుట్టలో కూడా విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ కాస్త శక్తితోనే చిప్పు మేలుకొని, తన రహస్య సంఖ్య సాయంతో కారు అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతుంది. జవాబు తప్పయితే ఇంజను నడవదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయినా తాళంచెవి తిప్పితే కారు కదలడంలోని కిటుకు ఇదే.

ఇప్పుడు చెప్పండి, అరిగిందేమిటి? సాధారణంగా రబ్బరు అరుగుతుంది, పెట్టె పగులుతుంది, బొత్తాం కింది చిన్న స్విచ్చి వదులవుతుంది, దాని టంకం బీటలు వారుతుంది. లేదా బ్యాటరీ అయిపోతుంది. చాలా రిమోట్లలో ఉండేది సి.ఆర్. 2032 అనే బిళ్ళ బ్యాటరీ. ఆ పేరులోనే కొలతలున్నాయి: అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. (పాత బిళ్ళను తీసి ఎక్కడపడితే అక్కడ పెట్టకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అలా జరిగితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.) ఇవన్నీ అయిదు పది నిమిషాల పనులు, మహా అయితే అరగంట. చిప్పు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా తీసి కొత్త పెట్టెలోకి మార్చుకుంటే సరిపోతుంది.

హబ్సిగూడ నుంచి ఉప్పల్ పోయే దారిలో ఎన్.జి.ఆర్.ఐ., సి.సి.ఎం.బి. ఉన్నాయి. అక్కడ జరిగేది విజ్ఞానమని అందరం ఒప్పుకుంటాం. అక్కడికి కొద్ది దూరంలోనే నాచారం పారిశ్రామికవాడ. ఆ చుట్టుపక్కల భూతద్దం కింద టంకం పెట్టి, మీటరుతో వోల్టేజి చూసి, తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకొనే పనివాడిది కూడా శాస్త్రీయ పద్ధతే కదా? "మొత్తం మార్చాలి" అనడానికి ఆ పరిశీలన అక్కర్లేదు.

చిప్పు నిజంగా పోయినప్పుడు మాత్రం ఆ పనివాడి చేతులు కట్టేసినట్లవుతుంది. కొత్త చిప్పును కారుకు పరిచయం చెయ్యాలంటే ప్రత్యేక యంత్రం, రహస్య సంఖ్యలు కావాలి. అవి చాలావరకు కంపెనీల గుప్పిట్లోనే ఉంటున్నాయి. విడిభాగాలూ పరీక్షా పరికరాలూ బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'బాగుచేయించుకొనే హక్కు' కోసం ఒక కమిటీని వేసింది. అది ఎంచుకున్న రంగాల్లో మోటారు వాహనాలూ ఉన్నాయి.

కంపెనీల వాదన కొట్టిపారెయ్యదగ్గది కాదు. అందరికీ చెబితే దొంగలకూ తెలుస్తుందంటారు. కాని పరికరం పనిచేసే పద్ధతి శత్రువుకు తెలిసినా భద్రత చెడకూడదనీ, రహస్యమంతా తాళంచెవిలోనే ఉండాలనీ కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు 1883లోనే చెప్పాడు. ఇటీవలి సంగతి కూడా వినండి. ఇంగ్లాండు, నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక రకం కారు చిప్పులోని లోపాలను బయటపెట్టబోతే, 2013లో ఇంగ్లాండు హైకోర్టు ఆ వ్యాసం అచ్చుకాకుండా ఆపింది. చివరికి 2015లో ఒక్క వాక్యం తీసేసి అచ్చయింది. ఇంతకీ ఆ చిప్పు లెక్క వాళ్ళకెక్కడ దొరికింది? తాళంచెవులు తయారుచేసేవాళ్ళ కోసం అప్పటికే బయట దొరుకుతున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో! దాచిన రహస్యం దొంగ చేతికి చిక్కే వీలుంది, నిజాయితీగా పనిచేసే మెకానిక్కుకు మాత్రం అందలేదు. ఇదేం భద్రత?

పద్ధతి తెలిసిన మెకానిక్కు కారు ఆర్.సి.నీ యజమాని గుర్తింపు కార్డునూ చూసి, పుస్తకంలో రాసుకొని పని చెయ్యాలి. అలా అడిగే దుకాణాన్నే నమ్మండి, అడిగినందుకు విసుక్కోకండి. తాళంచెవి ఎక్కడో పోతే, కొత్తది చేయించేటప్పుడు పాతదాన్ని కారు జ్ఞాపకంలోంచి తీసేయించాలి కూడా.

ఇంకొక్క సంగతి. పనిచేసే తాళంచెవి చేతిలో ఉండగా మరొకటి చేయించడం చాలా కార్లకు సులువు. రెండూ పోయాక చేయించాలంటే ఖర్చూ తిప్పలూ ఎన్నో రెట్లు పెరుగుతాయి. కారుతో పాటు ఇచ్చిన రెండో తాళంచెవి బీరువాలో ఎక్కడుందో ఇవాళే ఇంట్లో అడగండి. దొరికితే కారు దగ్గరికి తీసుకుపోయి ఒకసారి నొక్కి చూడండి. ఏళ్ళ తరబడి ముట్టుకోకపోతే దాని బిళ్ళ బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు.