అంకెలు చెప్పని పరుగు

1973లో ఇంగ్లండునందలి ఎయిన్‌ట్రీ మైదానమున జరిగిన గ్రాండ్ నేషనల్ పందెమున, అతిదూరము ముందంజలోనుండి, చివరి కంచె దాటిన పిమ్మట కాళ్లు తడబడి, గమ్యరేఖ చేరువలో రెడ్ రమ్‌కు వెనుకబడి ముక్కాలు గుర్రపు నిడివి తేడాతో ఓడిన క్రిస్ప్ అను అశ్వము, పందెపు పట్టికలలో నేటికిని 2 అను అంకెగానే మిగిలియున్నది. క్రిస్ప్ మోసినది 168 పౌన్ల బరువనియు, రెడ్ రమ్ మోసినది 145 పౌన్లేయనియు, రెండును పూర్వపు రికార్డును మించినవనియు ఆ అంకె చెప్పజాలదు.

కంచెల పందెములలో ఈ లోపము మరింత తీవ్రము. మొదటి కంచెకడ పడిన గుర్రమునకును, విజయము చేజిక్కనున్న తరుణమున చివరి కంచెకడ పడిన గుర్రమునకును పట్టికలో ఒకే ఎఫ్ అక్షరము! నేల మెత్తనైనదో గట్టిదో, గుర్రము అలసి పడెనో తొందరపడి పడెనో తెలుపక, పందెపు ధరలను, ప్రేక్షకుల వేషభూషలను వర్ణించుటతో తృప్తినొందు వార్తారచన నాకు సమ్మతము కాదు. 2024 నుండి గ్రాండ్ నేషనల్ పందెమున గుర్రముల గరిష్ఠ సంఖ్యను 40 నుండి 34కు తగ్గించినది వాని క్షేమము కొఱకే. ఆ మార్పు ఫలించినదో లేదో విలేఖరులు ఏటేట, కంచె కంచెకును, పరిశీలించి వ్రాయవలెను.